దీవుల మధ్య నలుగురం

మా బావగారు బతుకంతా ఓడల కింద పడుకుని బతికారు. ఓడల మరమ్మతు యార్డులో ఆయనది రంగులు వేసే పని. నీళ్ళలోంచి పైకి లాగిన ఓడ అడుగున వెల్లకిలా పడుకుని, పట్టిన గుల్లలూ నాచూ గీకి, తుప్పు దులిపి, ఎర్రరంగు పుయ్యడం. ఎన్ని ఓడల పొట్టలు చూశారో ఆయనకే తెలీదు గానీ, ఒక్క ఓడ పైభాగమూ చూసింది లేదు. ఆ వేసవిలో ఆయన మూత్రపిండాలు రెండూ పాడైపోయాయనీ, వానలు మొదలయ్యేసరికి మా ఆయన కిడ్నీ ఒకటి తీసి అన్నగారికి పెట్టాలనీ డాక్టర్లు తేల్చారు. ఇంట్లో అందరం ఏడుపుమొహాలు పెట్టుక్కూర్చుంటే, బావగారు మాత్రం, "కత్తి కిందకి వెళ్ళేముందు ఒక్కసారి ఓడ మీదకి ఎక్కుతానర్రా," అన్నారు.

ఆస్పత్రి డాక్టరు మొదట కుదరదన్నాడు. తర్వాత, చిన్న ప్రయాణమైతే, ఓడలో డాక్టరంటూ ఉంటే వెళ్ళి రమ్మన్నాడు. ఉప్పు తినకూడదు. పళ్ళు ముట్టుకోకూడదు. నీళ్ళు కూడా కొలిచి తాగాలి. అన్నిటికంటే ముఖ్యంగా కొబ్బరినీళ్ళ జోలికి పోకూడదు, అందులోని పొటాషియం బయటికి పంపే శక్తి ఆయన ఒంటికి లేదు, గుండె ఆగిపోయినా ఆగిపోతుంది, అని గట్టిగా చెప్పాడు. మేం బయల్దేరిందేమో కంటికి ఆనినంత మేరా కొబ్బరిచెట్లుండే దీవులకి!

మాది ఒకే ఇల్లు. కింద బావగారూ అక్కా, పైన మేమూ, వంటిల్లు ఒక్కటే. అక్క అంటే నా తోడికోడలు. స్కూల్లో ఆటల టీచరు. ఇంట్లో మాట్లాడినా మైదానం అవతలివాళ్ళకి చెబుతున్నట్టే ఉంటుంది. మా ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్. భయమంటే తెలీని మనిషని పేరు. "రెండున్నాయి, ఒకటిస్తున్నా. ఇంట్లో పాత కుర్చీ ఇచ్చినట్టు," అని ఎదురింటివాళ్ళ దగ్గర నవ్వుతూ చెప్పేవాడు.

నా భయం నేను దాచలేదు. మొదటిరోజే మా ఆయనకి చెప్పాను. "అన్ని పరీక్షలూ చేశారు కదే, ఇంకా భయమేంటి?" అన్నాడు. మళ్ళీ చెప్పాను. నవ్వాడు. ఇంకోసారి చెప్పబోతే టీవీ సౌండు పెంచాడు. మాకు నడక నేర్చుకుంటున్న వయసు పాప ఉంది. దాన్ని మా అమ్మ దగ్గర దింపి ఓడెక్కేటప్పుడు, అది నా చెవిపోగు పట్టుకుని వదల్లేదు. ఆ నొప్పి చాలాసేపు ఉంది.

ఓడ బయల్దేరేముందు అందర్నీ డెక్కు మీద నిలబెట్టి, ప్రమాదమొస్తే ఏం చెయ్యాలో చూపించారు. చుట్టూ ఉన్నవాళ్ళు నారింజరంగు లైఫ్ జాకెట్లు తగిలించుకుని ఫొటోలు దిగుతున్నారు. నేను మాత్రం చెప్పింది చెప్పినట్టు విని, మా ఆయన జాకెట్ పట్టీలు బిగించాను.

"ఊపిరాడట్లేదే బాబూ! మునగకముందే చంపేట్టున్నావు."

నా చెయ్యి ఆయన నడుం మీద ఆగిపోయింది. ఎడమవైపు కిడ్నీ తీస్తామన్నారు. ఆ చోటు ఎప్పుడూ ఎలా ఉంటుందో అలాగే ఉంది. వెచ్చగా.

మా గదులు ఓడ కింది అంతస్తులో, పక్కపక్కనే. గుండ్రటి కిటికీలోంచి చూస్తే నీళ్ళు దాదాపు కంటికి సమానంగా ఉండేవి. బావగారు గోడ మీద వేలితో కొట్టి, చెవి ఆనించి విన్నారు.

"రేకు బాగానే ఉంది. బయట రంగు మాత్రం ఎవడో నిద్రపోతూ వేశాడు. ఎక్కేటప్పుడు చూశా."

"దిగిపోదామా అయితే?" అన్నాను నేను, నిజంగానే.

ఆయన పగలబడి నవ్వారు. "రంగు సరిగ్గా లేకపోతే ఓడ మునగదమ్మాయ్. సిగ్గుపడుతుంది, అంతే."

బావగారు ఆ ఓడలో చిన్నపిల్లాడైపోయారు. మెట్లన్నీ ఎక్కి చూశారు, ఆయాసమొస్తే మెట్టు మీదే కూర్చున్నారు. రంగు డబ్బా కనబడితే చాలు, అక్కడి పనివాళ్ళతో కబుర్లు. కాళ్ళకి నీరు చేరి చెప్పులు పట్టకపోతే ఉత్తకాళ్ళతో తిరిగారు. అక్క వెనకాలే నీళ్ళసీసా, గీతలు పెట్టిన చిన్న గ్లాసూ పట్టుకుని తిరిగేది.

"ఏవండీ, పొద్దున్నుంచి ఎన్ని తాగారు?"

"నీ గ్లాసుకి తెలుసు, నన్నడుగుతావేం?"

మొదటి దీవిలో దిగినప్పుడు ఇసకలో కొబ్బరిబోండాలు గుట్టగా పోసి ఉన్నాయి. అందరూ తాగుతున్నారు. బావగారు ఆ గుట్ట ముందు ఆగి, నాలుక పెదవుల మీద ఆడించుకున్నారు.

"చూడ్డానికే," అంది అక్క.

"చూస్తున్నానే. చూస్తే ఒంట్లోకి పోదుగా."

నేను ఇటు బావగార్ని చూసి జాలిపడుతూనే, అటు నీళ్ళలో దిగిన మా ఆయన తల ఎక్కడుందో వెతుక్కుంటూ ఉన్నాను. ఆ ప్రయాణమంతా నా పని అదే అయింది. డెక్కు చివర నిలబడితే చొక్కా పట్టుకుని లాగడం, మెట్ల మీద వెనక నడవడం, ఆయన ఏం తిన్నా ముందు వాసన చూడడం. "నన్ను కాపలా కాస్తున్నావా, తాకట్టులో ఉన్న నగలాగా?" అన్నాడు ఓసారి. నవ్వుతూనే అన్నాడు గానీ నాకు నవ్వు రాలేదు.

ఆ తర్వాతి దీవిలో ఒడ్డుకి దగ్గర్లోనే పగడపు దిబ్బలున్నాయని, రంగురంగుల చేపలు కనిపిస్తాయని మా ఆయన అద్దాలు పెట్టుకుని ఈదుకుంటూ వెళ్ళాడు. నేను మోకాలిలోతు నీళ్ళలో నిలబడి ఆయన వీపునే చూస్తున్నాను. ఒక అల లేచింది. అది దిగేసరికి వీపు లేదు.

గొంతు చించుకుని అరిచాను. అక్క నాకంటే ముందు పరిగెత్తింది. నీళ్ళలో నడుంలోతు దాకా వెళ్ళిపోయింది. అంతలో మా ఆయన తల పైకొచ్చింది, దగ్గుతూ, ఒక కాలు ఎత్తిపట్టుకుని. ఒడ్డుకి లాక్కొచ్చేసరికి మోకాలి నుంచి చీలమండ దాకా తురుముపీట మీద గీసినట్టు చర్మం లేచిపోయి ఉంది. ఇసకంతా ఎర్రబడింది.

ఓడలోని డాక్టరు నడివయసు ఆవిడ. మాట తక్కువ. చిన్న పట్టకారు పట్టుకుని గాయంలోంచి పగడపు ముక్కలు ఒక్కొక్కటే తీస్తోంది. మా ఆయన పళ్ళు బిగించి నా మణికట్టు పట్టుకున్నాడు. తడిబట్టలతోనే అక్క లోపలికి వచ్చింది.

"డాక్టరమ్మా, కిడ్నీకేం కాదుగా?"

ఆవిడ తలెత్తింది. "కిడ్నీయా? దెబ్బ తగిలింది కాలికి కదా."

"కాలు కనిపిస్తూనే ఉంది. కిడ్నీ సంగతి చెప్పండి. త్వరలో తియ్యాలది."

మా ఆయన కప్పు వంక చూస్తూ ఉండిపోయాడు. గుమ్మంలో బావగారు నిలబడి ఉన్నారు, ఎప్పుడొచ్చారో. లోపలికి వచ్చి, అక్క భుజం పట్టుకుని, "పద, ముందు బట్టలు మార్చుకుందువుగాని పద," అని మెల్లగా బయటికి నడిపించుకుపోయారు. వెళ్తూ ఆయన నా వైపు చూశారు. నేను చూపు తిప్పేసుకున్నాను.

సాయంత్రానికి జ్వరం వచ్చింది. పగడం గీసుకున్న పుండు త్వరగా చీము పడుతుందని, మందులిచ్చి చూస్తానని డాక్టరు చెప్పింది. "తగ్గకపోతే ఆస్పత్రి ఉన్న రేవులో దించేస్తాం. ఇది పూర్తిగా మానితే గానీ మీ ఆపరేషన్ సంగతి ఎవరూ ఆలోచించరు."

ఆ మాటకి నా ప్రాణం ఒక్క క్షణం తేలికపడింది. వెంటనే మా ఆయన నుదుటి మీద చెయ్యి వేశాను. పెనంలా కాలుతోంది. ఇక ఆ తేలిక ఎక్కడికి పోయిందో.

మర్నాడు సముద్రం పొంగింది. నిలబడితే కూర్చోబెడుతోంది, కూర్చుంటే దొర్లిస్తోంది. బల్లల మీది కప్పులు ఆ చివరి నుంచి ఈ చివరికి జారుతున్నాయి. మా ఆయనకి మందు పట్టించి, నిద్రపట్టాక కాస్త గాలికి పైకి వెళ్ళాను. అక్కడ అక్క కమ్మీ పట్టుకుని నేల మీద కూలబడి ఉంది. ఒళ్ళో కాగితం సంచీ. మొహం సున్నం కొట్టినట్టుంది. అంతకుముందు రోజు నుంచి మా ఇద్దరికీ మాటల్లేవు. అయినా వెళ్ళి కూర్చుని, జుట్టు వెనక్కి తీసి పట్టుకున్నాను.

కాస్త తెరిపిన పడ్డాక, "నా మీద కోపంగా ఉంది కదూ?" అంది.

"ఉంది."

"తిట్టు మరి."

"ముందు కక్కడం అవనీ."

నవ్వబోయింది, మళ్ళీ సంచీలో తల పెట్టింది. నేను వీపు రాస్తూ కూర్చున్నాను. చివరికి మూతి తుడుచుకుని, అంత పెద్ద గొంతూ ఎక్కడికి పోయిందో, నాకు మాత్రమే వినిపించేలా చెప్పింది.

"అలా అడగాలని అడగలేదే. నోట్లోంచి వచ్చేసింది. రోజూ లేవగానే ఆయన కాలి మీద వేలితో నొక్కి చూస్తాను. సొట్ట ఎంత లోతు పడితే ఆ రోజు నాకంత దిగులు. ఆ తర్వాత చెవులు మీ గది వైపే. చిన్నోడు దగ్గాడా, తుమ్మాడా, ఏం తిన్నాడు... వాణ్ణి మరిదిలా చూసి ఎన్నాళ్ళయిందో. నా మొగుడు బతకాలి. నీ మొగుడు బాగుండాలి. రెండూ ఒకేసారి కోరుకోవడం నాకు చాతకావట్లేదు."

"నాకూ చాతకావట్లేదక్కా. నాకు ఆ రెండోదే ముందొస్తోంది."

"రాకపోతే నువ్వేం పెళ్ళానివి?" అంది. తలని నా భుజానికి ఆనించింది. ఓడ ఒరిగినప్పుడల్లా ఇద్దరం ఒకేవైపు ఒరిగాం.

ఆఖరి దీవికి చేరేసరికి సముద్రం నెమ్మదించింది. మా ఆయనకి జ్వరం తగ్గుముఖం పట్టింది గానీ కాలు కింద పెట్టలేకపోతున్నాడు. ఓడ కాసేపే ఆగుతుందని, దూరం పోవద్దని ముందే చెప్పారు. నేను కట్టు మారుస్తుండగా అక్క గోడలు పట్టుకుంటూ వచ్చింది.

"ఈయన గదిలో లేడు! కిందికి దిగిపోయాడట. నాకు కళ్ళు తిరుగుతున్నాయి, నువ్వెళ్ళి పట్టుకురావే."

దిగాను. రేవంతా జనం. టోపీలమ్మేవాళ్ళు, గవ్వలమ్మేవాళ్ళు. ఎవరి భుజం చూసినా బావగారి భుజంలాగే ఉంది. ఎక్కడైనా పడిపోయారేమో, ఓడ కదిలిపోతుందేమో అని జనాన్ని తోసుకుంటూ వెతికాను. చివరికి, రేవు దాటాక ఇసకలో బోర్లించిన ఒక చేపల పడవ దగ్గర కనిపించారు. ఒక ముసలాయన దానికి నీలంరంగు వేస్తున్నాడు. బావగారు ఆయన చేతిలోంచి కుంచె తీసుకుని, గొంతుక్కూర్చుని పడవ అంచున గీత లాగుతున్నారు. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. ఇద్దరూ మాట్లాడుకుంటూనే ఉన్నారు.

"బావగారూ! అక్కడ అక్క ప్రాణాలు కొట్టుకుంటున్నాయి!"

"వస్తున్నానమ్మాయ్." కుంచె తిరిగి ఇచ్చేసి, పడవకి చేరబడి కూర్చున్నారు. ఆయాసపడుతున్నారు. "నువ్వే వస్తే బాగుండుననుకున్నా. ఓ మాట అడగాలి."

నేను నిలబడే ఉన్నాను.

"చిన్నోణ్ణి డాక్టర్లు అడిగారు. మీ అక్క అడిగింది. ఊళ్ళో అందరూ అడిగారు. నీచేత సంతకం పెట్టించారు గానీ, నిన్నెవరూ అడగలేదు. ఇప్పుడు నేనడుగుతున్నా. వాడి కిడ్నీ తీసుకోనా?"

ఏ జవాబు చెప్పాలో ఆలోచించుకునేలోపే నా నోరు చెప్పేసింది.

"వద్దు బావగారూ. నాకు చచ్చేంత భయంగా ఉంది. వద్దు."

ఆయన మొహంలో ఏ మార్పూ లేదు. కాసేపు తన పాదాలు చూసుకున్నారు. "సరేనమ్మా," అన్నారు. "చెప్పావు, మంచిపని చేశావు. నా మనసే మారిందని చిన్నోడికి చెప్పుకుంటా. ఇందులో నీ మాట రాదు."

అంతే. ఒక్క ఎత్తిపొడుపు లేదు, నిట్టూర్పు లేదు. భుజం మీది మూట దింపుకున్న మనిషిలా లేచి, అటుగా బండి తోసుకుపోతున్న బోండాలవాణ్ణి చెయ్యి ఊపి పిలిచారు. వాడు కత్తితో తల చెక్కి చేతిలో పెట్టాడు. ఆయన రెండు చేతులా ఎత్తి నోటికి పెట్టుకున్నారు. గొంతుముడి ఒక్కసారి పైకి వెళ్ళి కిందికి దిగింది.

నేను బోండాం లాగేసుకున్నాను. నీళ్ళు ఇద్దరి మీదా చిందాయి.

"నన్ను బెదిరిస్తున్నారా?" నా అరుపుకి బండివాడు వెనక్కి తగ్గాడు.

"అయ్యో, లేదమ్మా!" నిజంగానే బిత్తరపోయారు. "నీ మీద ఒట్టు. దాహమేసింది. ఎన్నాళ్ళని గ్లాసులో కొలుచుకుని తాగను? ఒక్కసారి కడుపు నిండా తాగుదామనిపించింది, అంతే."

ఆయన మాట నమ్మాను. బెదిరించి ఉంటే బాగుండేది, కోపం తెచ్చుకుని ఓడెక్కేసేదాన్ని. చేతిలో బోండాం వంచి నీళ్ళన్నీ ఇసకలో పారబోశాను.

"మీరిది తాగడానికి వీల్లేదు."

"మరి ఇందాక నువ్వు..."

"ఇందాక మీరు అడిగింది నన్ను. నాకు భయం, వద్దన్నాను. ఆ భయం ఇవాళా పోదు, రేపూ పోదు. అది నేను పడతాను. ఇవ్వాలో వద్దో చెప్పాల్సింది మీ తమ్ముడు. వెళ్ళి ఆయన్నే అడగండి. నవ్వులాటగా కాదు, సరిగ్గా అడగండి. నా ఎదురుగా అడగండి."

ఓడ కూత వేసింది. బావగారు తడిచొక్కా దులుపుకుని, నా మోచెయ్యి ఆసరాగా పట్టుకున్నారు.

ఒక్క గుక్కే అయినా నేను ఊరుకోలేదు. తిన్నగా డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆవిడ ఛాతీకి తీగలు తగిలించి గుండె పరీక్ష చేసి, ఏమీ కాలేదని చెప్పేదాకా నేనూ అక్కా గోడకి అతుక్కుపోయి నిలబడ్డాం. అక్క ఆయన్ని తిట్టిన తిట్లు ఓడ పై అంతస్తు దాకా వినిపించి ఉంటాయి.

ఆ తర్వాత మా గదిలో, మంచం అంచున కూర్చుని, బావగారు అడిగారు.

"చిన్నోడా, నిజం చెప్పు. నీకివ్వాలని ఉందా?"

"అదేంటన్నయ్యా కొత్తగా, ఎప్పుడో..." అని నవ్వబోయి, నా మొహం చూసి ఆగాడు. చాలాసేపు కట్టు దారం పీకుతూ కూర్చున్నాడు.

"భయమేస్తోందన్నయ్యా," అన్నాడు. "లిఫ్టు తాడు తెగినప్పుడు కూడా ఇంత భయపడలేదు. ఓడెక్కినప్పట్నుంచీ నిద్ర లేదు నాకు."

నేను తెల్లబోయాను. అటు తిరిగి పడుకుంటే నిద్రపోతున్నాడనుకున్నాను ఇన్నాళ్ళూ.

"వద్దులేరా అయితే."

"భయమేస్తోందన్నాను. ఇవ్వనన్నానా?" నా చెయ్యి కోసం వెతికి పట్టుకున్నాడు. "ఇదొక్కత్తే భయపడుతోంది పాపం, ఇన్ని రోజుల్నుంచి. ఇక ఇద్దరం పడతాం."

అక్క గుమ్మంలోనే నిలబడి కొంగు నోట్లో కుక్కుకుంది.

కాలు మానడానికి చాలా రోజులు పట్టింది. ఆపరేషన్ వెనక్కి జరిగి, వానలు బాగా పట్టుకున్నాక పడింది. పొద్దున్నే అన్నదమ్ములిద్దర్నీ ఒకరి వెనక ఒకర్ని చక్రాల మంచాల మీద తీసుకెళ్ళిపోయారు. నేనూ అక్కా వరండాలో బెంచీ మీద కూర్చున్నాం. కిటికీ అద్దాల మీద వాన కొడుతోంది. తలుపు తెరుచుకున్నప్పుడల్లా ఇద్దరం లేచేవాళ్ళం, ఎవరి కోసమో వచ్చిన మనిషిని చూసి మళ్ళీ కూర్చునేవాళ్ళం.

మధ్యాహ్నం దాటాక ఒక నర్సు నవ్వుతూ వచ్చింది. "పెట్టిన కిడ్నీ పనిచేస్తోంది. అక్కడే, బల్ల మీదే మూత్రం వచ్చేసింది!"

మూత్రం వచ్చిందన్న కబురుకి ఇద్దరు ఆడవాళ్ళు కావలించుకుని గంతులేయడం ఆ వరండాలో అందరూ చూశారు. పక్క బెంచీ ముసలమ్మ, "మనవడు పుట్టాడా?" అని అడిగింది.

"మీరొచ్చి చూడొచ్చు," అంది నర్సు అక్కతో.

"మా వారో?" అన్నాను నేను.

"ఇంకా మెలకువ రాలేదు. వస్తుంది."

బెంచీ మీద కూలబడ్డాను. అక్క తలుపు దాకా వెళ్ళింది. అక్కడ ఆగి, వెనక్కి తిరిగి, వచ్చి నా పక్కన కూర్చుంది.

"నువ్వెళ్ళక్కా, బావగారు ఎదురుచూస్తుంటారు."

"చూడనీ. చిన్నోడు కళ్ళు తెరిచాక వెళ్తాను."

నర్సు మళ్ళీ పిలిచింది. అక్క కదల్లేదు. నా చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుని, తలుపు వైపు చూస్తూ కూర్చుంది. ఎంతసేపు కూర్చున్నామో తెలీదు. వాన వెలిసింది, మళ్ళీ పట్టుకుంది.

చివరికి నన్ను పిలిచారు. లోపల మా ఆయన పెదాలు ఎండిపోయి, ఊరంతా తిరిగొచ్చిన మనిషిలా ఉన్నాడు. కళ్ళు సగమే తెరిచాడు. నేను వంగాను.

"వచ్చిందా?" అన్నాడు.

"వచ్చింది. సంచీ నిండా."

నవ్వబోయాడు. కుట్లు లాగి, నవ్వు కాస్తా ఏడుపులోకి దిగింది. నేను కళ్ళు తుడిచి, ఒక్క నిమిషం ఉండమని చెప్పి, బయటికి వచ్చాను. అక్క లేచి నిలబడి ఉంది. తల ఊపాను.

అప్పుడు పరిగెత్తింది అక్క, బావగారి గది వైపు, చెప్పులు అక్కడే వదిలేసి, నర్సులు వెనకనుంచి అరుస్తున్నా వినకుండా.